మోల్ నాకు బ్యూరెట్ దగ్గర అర్థమైంది

బీఎస్సీ మొదటి ఏడాది కెమిస్ట్రీలో మాలో చాలామందికి టెన్షన్ పెట్టినవి మోల్ లెక్కలే. మోల్ అంటే పదార్థం ఎంత ఉందో కొలిచే ప్రమాణం. ఇంటర్‌లో ఎన్1వి1 = ఎన్2వి2 (రెండు ద్రావణాల గాఢత × ఘనపరిమాణం సమానం) అని రాసి అంకెలు వేసేస్తే జవాబు వచ్చేది, మార్కులూ పడేవి. డిగ్రీలో మా మేడమ్ ఆ సూత్రాన్ని పక్కన పెట్టించారు. "ముందు సమీకరణం తుల్యం చేయండి. ఎన్ని మోల్‌లకి ఎన్ని మోల్‌లు పడతాయో చూసుకున్నాకే బ్యూరెట్ ముట్టుకోండి" అనేవారు. బ్యూరెట్ అంటే ద్రావణాన్ని చుక్కచుక్కగా వదిలే, కొలత గీతలున్న గాజు గొట్టం.

ప్రయోగం పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్. అంటే గాఢత తెలిసిన ఆక్సాలిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి పర్మాంగనేట్‌ని చర్య పూర్తయ్యేదాకా వదిలి, దాని గాఢత లెక్కగట్టడం. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికంలో రెండు నీటి అణువులు కూడా ఉంటాయి కాబట్టి ఒక మోల్ 126 గ్రాములు తూగుతుంది. 0.63 గ్రాములు తూచి, 100 మి.లీ. ఫ్లాస్కులో గీత దాకా నీళ్లు పోస్తే 0.05 మోలార్ (లీటరుకు 0.05 మోల్) ద్రావణం. అందులోంచి పిపెట్‌తో (కచ్చితంగా కొలిచి తీసే గాజు గొట్టంతో) 20 మి.లీ. తీసి, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, 60-70 డిగ్రీల దాకా వేడి చేశాం. ఇక్కడ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పనికిరాదు. దాన్ని క్లోరిన్‌గా మార్చడానికే పర్మాంగనేట్ కొంత ఖర్చయిపోయి రీడింగ్ పెరుగుతుంది.

మొదటి చుక్కల ఊదారంగు ఒక పట్టాన పోదు. ఫ్లాస్కు తిప్పుతూ ఆగాలి. ఆ తర్వాత మాత్రం పడ్డ చుక్క రంగు పడ్డట్టే పోతుంది, ఎందుకంటే చర్యలో పుట్టిన మాంగనస్ అయానే ఉత్ప్రేరకంగా పని చేస్తుంది. దీన్ని కళ్లారా చూశాక స్వయం ఉత్ప్రేరణ గురించి నేను మళ్లీ బట్టీ పట్టలేదు. చివరికి ఒక్క చుక్కతో లేత గులాబీ రంగు వచ్చి నిలబడిపోతుంది. ద్రావణం ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గరే రీడింగ్ చూడాలి.

అసలు ఆనందం లెక్కలో ఉంది. 20 మి.లీ.లో ఉన్న ఆక్సాలిక్ ఆమ్లం సరిగ్గా 1 మిల్లీమోల్. పర్మాంగనేట్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఆక్సాలిక్ ఆమ్లంలోని ఆక్సలేట్ 2 ఇస్తుంది. కాబట్టి 5 మోల్‌ల ఆక్సలేట్‌కి 2 మోల్‌ల పర్మాంగనేట్ చాలు. అంటే మనకు కావలసింది 0.4 మిల్లీమోల్. బ్యూరెట్‌లో 20 మి.లీ. దిగిందంటే పర్మాంగనేట్ గాఢత 0.02 మోలార్. ఒక మోల్‌లో ఉండే కణాలు 6.022 × 10²³ అని అన్నేళ్లు అప్పజెప్పిన సంఖ్య ఒక లెక్కింపు అని, మనం తూచేది గ్రాముల్లోనైనా అణువులు కలిసేది లెక్క ప్రకారమేనని అప్పుడు మనసుకెక్కింది. నా మట్టుకు, సూత్రం కంటే ముందు ఈ ప్రయోగమే చేయించాలి.

తర్వాత డైక్రోమేట్‌తో ఇనుము అంచనా వేసే ప్రయోగం వచ్చింది. డైక్రోమేట్ 6 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఫెర్రస్ అయాన్ ఒకటే ఇస్తుంది. మేడమ్ బోర్డు దగ్గరికి వెళ్లేలోపే రికార్డులో 1:6 అని రాసేసుకున్నాను.