పిల్లలతో సోంపేట దారి

మాఘమాసంలో బంధువుల ఇంట పెళ్లికి విజయనగరం నుంచి సోంపేట వెళ్లవలసి వచ్చినప్పుడు, దారిలో పిల్లల చేతికి ఫోను ఇవ్వకూడదని నేనూ తమ్ముడూ ముందే నిశ్చయించుకున్నాం. కళ్లు కదలని తెరకు అతుక్కుని ఉండగా లోపలి చెవి మాత్రం శరీరం కదులుతోందని చెబుతుంది. ఆ రెండింటికీ పొంతన కుదరకపోవడం వల్లనే చాలామంది పిల్లలకు కారులో కడుపు తిప్పుతుంది. దూరంగా ఉన్నవాటిని చూపించే ఆటలే మాకు కావలసినవి. తమ్ముడు కారు నడిపాడు, అమ్మ ముందు కూర్చుంది, వెనుక సీటులో మా అబ్బాయికీ తమ్ముడి కూతురికీ మధ్య నేను సర్దుకున్నాను.

నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కగానే నంబరు పలకల ఆట మొదలైంది. ఏపీ 35 విజయనగరానిది, 30 శ్రీకాకుళానిది, 31 విశాఖపట్నానిది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 రావడంతో కొత్త బళ్లు ఏ జిల్లావో చెప్పలేం కనుక, పాత నంబరు కనిపెట్టినవారికి రెట్టింపు పాయింట్లని మావాడే నియమం పెట్టాడు. చెన్నైనీ కోల్‌కతానూ కలిపే రోడ్డు కావడంతో ఒడిశా, బెంగాల్ లారీలకు కొదవ లేదు. పాప ఇంకా అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఉంది కాబట్టి లారీల వెనుక వేసిన బొమ్మలు వెతికే పని ఆమెకు అప్పగించాం. వయసులో తేడా ఉన్న పిల్లలకు ఒకే ఆట పెడితే చిన్నవాళ్లు ఓడి ఏడవడం ఖాయం, ఆ తరువాత ఏ ఆటా సాగదు.

రణస్థలం దాటాక మావాడికి పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లు చూపించాను. రాయికీ రాయికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, 3,600ను ఆ సంఖ్యతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో తెలుస్తుంది. 45 సెకన్లు పడితే 80 అన్నమాట. ఇక వాడు శ్రీకాకుళం వచ్చేదాకా "బాబాయ్, నీ మీటరెంత చూపిస్తోంది?" అని అడుగుతూ, తన లెక్కను దానితో సరిచూసుకుంటూనే ఉన్నాడు.

నాగావళి వంతెన మీద అమ్మ బలరాముడి కథ ఎత్తుకుంది. కరవుతో అల్లాడుతున్న జనం కోసం ఆయన నాగలితో నేలను చీల్చి ఈ నదిని రప్పించాడన్నది ఇక్కడివారు తరతరాలుగా చెప్పుకునే కథ. మడపాం దగ్గర వంశధార కనిపించేసరికి, "మరి దీన్నెవరు దున్నారు మామ్మా?" అని పాప అడిగింది. దానికి జవాబుగా అమ్మ ఒక పొడుపు కథ వేసింది: "ఆకు లేని పంట, తొడిమ లేని పండు, ఏమిటవి?" టెక్కలి చేరేదాకా ఇద్దరూ వేరుశనగ, పుట్టగొడుగు, కొబ్బరికాయ అంటూ ఊహించారుగానీ అమ్మ తల అడ్డంగానే ఊపింది.

టెక్కలి నుంచి పక్కకు తిరిగి తేలినీలాపురం వెళ్లాం. ఏటా వర్షాలు వెనకపడుతుండగా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఇక్కడికి వచ్చి, ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుంటాయి. ఇళ్ల మధ్యనే అంత పెద్ద పక్షులు ఉండటం మా పిల్లలకు నమ్మశక్యం కాలేదు. ఒక గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది తిత్తిలోకి తల మొత్తం దూర్చి చేపలు తినడం చూసి పాప కాసేపు మాట మరిచిపోయింది. ప్రయాణంలో పిల్లలకు కాళ్లు సాగదీసుకునే చోటు ఒకటి తప్పక కావాలి. అది హోటలు ముందరి ఖాళీ జాగా కాకుండా ఇలాంటి ఊరైతే మిగతా దారంతా మాట్లాడుకోవడానికి సరిపడా సరుకు దొరుకుతుంది.

అక్కడికి దగ్గరలోనే నౌపడ ఉప్పు మడులు. గట్ల మధ్య నిలిపిన ఉప్పునీరు ఎండకు ఇగిరిపోతోంది, అంచుల్లో తెల్లగా పేరుకుంటోంది, అక్కడక్కడ కుప్పలు పోసి ఉన్నాయి. కారు ఇంకా ఆగకముందే మావాడు, "మామ్మా, ఉప్పు! ఆకు లేని పంట ఉప్పు!" అని కేక పెట్టాడు. రెండోది విభూది పండు అని అమ్మే చెప్పింది. సమాధానం కళ్లెదుట దొరికిన పొడుపు కథను వాళ్లు మరిచిపోరని నా నమ్మకం. పలాసలో జీడిపప్పు కొనుక్కుని, మహేంద్రగిరి వైపు కొండలు చూస్తూ ముహూర్తానికి ముందే సోంపేట చేరాం.

తిరుగు ప్రయాణం రాత్రిపూట కావడంతో చూసే ఆటలు పనికిరాక, ఊరిపేర్ల అంత్యాక్షరి పెట్టుకున్నాం. రెండు జిల్లాల ఊళ్లు మాత్రమే చెప్పాలి. సోంపేట, టెక్కలి, లావేరు, రణస్థలం, మందస, సారవకోట అంటూ చకచకా సాగి, మళ్లీ "ట" దగ్గర ఆగింది. మన వైపు "పేట"తో, "కోట"తో ముగిసే ఊళ్లు కొల్లలు, "ట"తో మొదలయ్యేది మాత్రం మాకెవరికీ టెక్కలి తప్ప తట్టలేదు. ఆ కిటుకు పసిగట్టిన మావాడు వరసగా పేటలే అందుకోవడం మొదలుపెట్టాడు. చివరికి అమ్మ టంగుటూరు అంది. అది ప్రకాశం జిల్లాలోది, ఒప్పుకోనన్నాడు వాడు. ఇదే పదహారో నంబరు రహదారి మీద ఉంది, ఎందుకు ఒప్పుకోవంది అమ్మ. ఆ వాదన తేలేసరికి ఎచ్చెర్ల దాటాం.