స్లైసూ, డ్రైవరూ, బాబాయి చెరువూ

దాళ్వా కోతలైపోయాయి, కాలువలు కట్టేశారు, ఇంటెనకాల చేనంతా నెర్రెలిచ్చి వరిదుబ్బులతో పడుంది, మళ్ళీ నీళ్ళొదిలేదాకా అదే నా గోల్ఫ్ ప్రాక్టీస్ గ్రౌండు. ఎండ ముదరకముందే పాత బంతుల బకెట్టు పట్టుకుని దిగిపోయా. ఐరన్లు, అంటే ఇనప తలల పొట్టి కర్రలు, బానే వెళ్తున్నాయి. అన్నిటికంటే దూరం కొట్టే పొడుగు కర్ర, డ్రైవర్ తీశానంటే మాత్రం బంతి కాస్త ఎడమకి బయల్దేరుతుంది, హమ్మయ్య అనుకునేలోపే కుడికి వంకర తిరిగి సరాసరి బాబాయి రొయ్యల చెరువు మీదకి పోతుంది. ఈ వంకరనే స్లైస్ అంటారు.

బాబాయి ఏరేటర్ దగ్గర నించుని చూస్తున్నాడు. "ఏరా అబ్బాయ్, మేత మేం ఏసుకుంటాంలే, నువ్వు శ్రమపడకు" అన్నాడు. మా వైపు ఓదార్పు కూడా వెటకారంలోనే వస్తది మరి.

"ఆ కర్ర మారిస్తే తిన్నగా ఎల్తాదా?" అని కూడా అడిగాడు. కొన్నాళ్ళుగా నా బుర్ర తినేస్తున్న ప్రశ్న కూడా అదే.

నాకు అర్థమైనంతవరకూ, బంతి తగిలేటప్పుడు స్వింగ్ వెళ్ళే దారి కంటే క్లబ్ ఫేసు, అంటే కర్ర తలలో బంతికి తగిలే ముఖం, కుడికి తెరుచుకుని ఉంటే నాలాంటి కుడిచేతివాటం వాడికి స్లైస్ వస్తుంది, అంతే. నాది బయటనించి లోపలికి కోసేసే స్వింగు, ఎంత పెట్టి కొన్నా ఏ డ్రైవరూ ఆ దారిని మార్చలేదు. ఫేసు కొంచెం త్వరగా మూసుకునేలా మాత్రం చెయ్యగలదు. డ్రా బయాస్ (బంతి ఎడమకి వంగేలా చేసినవి) అని అమ్మేవాటిలో చేసేది అదే, తల వెనకుండే బరువుని షాఫ్ట్ (కర్ర కాడ) వైపుకి, అంటే హీల్ వైపుకి జరుపుతారు. బందుల దగ్గర బరువున్న తలుపు తేలిగ్గా తిరిగినట్టు ఫేసు కూడా తేలిగ్గా తిరుగుతుంది. పింగ్ కంపెనీ జీ430 డ్రైవర్లలో మ్యాక్స్, ఎల్‌ఎస్‌టీ, ఎస్‌ఎఫ్‌టీ లాంటి రకాలున్నాయి, మనబోటి వాళ్ళకి డ్రా బయాస్ ఉన్న ఎస్‌ఎఫ్‌టీ. కానీ జనం టీవీలో ప్రోలని చూసి తక్కువ స్పిన్ ఎల్‌ఎస్‌టీ మీద పడతారు, అది వేగంగా బాగా కొట్టేవాళ్ళకి, స్లైస్‌గాళ్ళకి కాదు. ఇక తల సైజు గురించి షాపువాళ్ళు చెప్పేదేం పట్టించుకోనక్కర్లేదు, 460 సీసీ దాటకూడదని 2004 నుంచీ రూలుంది, ఇప్పుడు దాదాపు అన్నీ ఆ గీత దగ్గరే ఉంటాయి.

లాఫ్ట్, అంటే ఫేసు వెనక్కి వాలి ఉండే కోణం, దాని సంగతి వేరు. 9 డిగ్రీల డ్రైవర్ బ్యాగులో ఉంటే మగతనం అన్నట్టు చూస్తారు గానీ, లాఫ్ట్ పెరిగితే బ్యాక్‌స్పిన్ (బంతి వెనక్కి తిరగడం) పెరుగుతుంది, అప్పుడు బంతి తిరిగే అక్షం పక్కకి అంతగా వాలదు, వంకర తగ్గుతుంది. దూరం కొంచెం పోతే పోనీ, చెరువులో పడ్డ బంతికి దూరమేంటి?

ఇంతకీ ఇవాళ చేసిన అసలు పని ఇంకోటుంది. అమ్మ పూజగదిలోంచి విభూతి కొంచెం తెచ్చి ఫేసు మీద పల్చగా రాశా (అమ్మకి చెప్పలేదు). బంతి ఎక్కడ తగిలితే అక్కడ విభూతి లేచిపోయి గుండ్రంగా అచ్చు పడుతుంది. అచ్చులన్నీ హీల్ వైపే, మధ్యలో పడ్డవి తక్కువ. ఇది చాలా పెద్ద సంగతి, ఎందుకంటే డ్రైవర్ తల బరువు ఫేసుకి బాగా వెనక ఉంటుంది, హీల్‌కి తగిలితే తల ఒకవైపు తిరిగి బంతికి రెండోవైపు స్పిన్ ఎక్కుతుంది, గేర్ ఎఫెక్ట్ అంటారు, ఉన్న స్లైస్ మీద ఇంకొంచెం స్లైస్ అన్నమాట. అచ్చు చూసుకోకుండా కొత్త తల కొంటే రోగం ఒకటీ మందు ఒకటీ అయ్యేది.

అందుకని గ్రిప్ మీద చేతులు ఒక ఇంచు కిందకి జరిపి కొట్టి చూశా. అచ్చులు మధ్యకి జరిగాయి! బంతి ఇంకా కుడికే వంగుతోంది గానీ చేను దాటట్లేదు. షాపుల్లో దొరికే డ్రైవర్లు 45న్నర ఇంచులు, ఒక్కోటి ఇంకా పొడుగు, 2000లో టైగర్ వుడ్స్ అందర్నీ చితక్కొట్టినప్పుడు ఆయన చేతిలో ఉన్నది 43.5 ఇంచుల స్టీల్ షాఫ్ట్. ఆయనకే చాలినప్పుడు నాకెందుకు అంత పొడుగు?

పదింటికి సముద్రం వైపునించి గాలి మొదలైంది, ఇంక ఏది స్లైసో ఏది గాలో తెలీదు, ఆపేసి ఆఫీసు పనికి లాగిన్ అయ్యా. మధ్యాహ్నం భోజనాలయ్యాక హైదరాబాద్‌లో ఉన్న బావకి ఫోన్ చేశా. అక్కడ ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ ఎస్‌ఎఫ్‌టీ ఉందట, 10.5 డిగ్రీలది, రెగ్యులర్ షాఫ్ట్. మెడ దగ్గర స్లీవ్ (తల, షాఫ్ట్ కలిసేచోట తిప్పుకునే గొట్టం) తిప్పి లాఫ్ట్ ఒకటిన్నర పెంచితే 12 అవుతుంది, పైగా అలా పెంచితే ఫేసు కూడా కాస్త మూసుకుని కూర్చుంటుంది, రెండూ నాకు కావాల్సినవే.

"12 అంటే ముసలోళ్ళ సెట్టింగ్ అంటారు బావా" అన్నాడు.

"అననీ బావా, రొయ్యలైతే ఏమీ అనవు."

షాఫ్ట్ ఒక ఇంచు కోయించి పంపమందామా అనుకున్నా గానీ ఆగా. కోస్తే తల తేలికైపోయినట్టుంటుంది, షాఫ్ట్ కాస్త బిగుసుకుంటుంది, మళ్ళీ సీసం టేపు అంటించి బరువు సరిచెయ్యాలి, అదో తతంగం. వచ్చాక కొన్నాళ్ళు చేతులు కిందకి పట్టుకునే కొడతా, విభూతి ఏం చెప్తే దాన్నిబట్టి కోయిస్తా. ఇదంతా వివరంగా చెప్తుంటే బావ మధ్యలో ఆపి, "కోసేది తర్వాత, ఆయన ఆదివారం దాకానే ఆగుతానన్నాడు, ముందు ఫోన్‌పే కొట్టు" అన్నాడు.