మా బాల్ పైథాన్ కుబుసం, నా తిప్పలు

నిన్న రాత్రి మా బాల్ పైథాన్, అదే మా పెంపుడు కొండచిలువ, కుబుసం విడిచింది. మూతి నుంచి తోక కొస దాకా ఒకే ముక్క! అందులో గొప్పేముంది అంటారేమో, అంతకుముందు ఏం జరిగిందో వినండి.

ముందు తిండి సంగతి తేల్చేస్తాను. అందరూ భయపెట్టేది దాని గురించే, నిజానికి అది తేలిక. ఫ్రీజర్‌లోని ఎలుకని ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి. మర్నాడు కవర్‌తో సహా వేడినీళ్లలో ఉంచి, ఎలుక ఒంటి మీద 38 డిగ్రీలు వచ్చాక పొడవాటి పటకారుతో అందించాలి. పాము మూతి మీది గుంటలతో వేడిని పసిగడుతుంది, చల్లటిది పెడితే మొహం తిప్పేసుకుంటుంది. ఎలుక లావు పాము నడుం లావుని మించకూడదు. తిన్నాక రెండు రోజులు చేతుల్లోకి తీసుకోకండి, కక్కేస్తుంది. నెలల తరబడి ఉపవాసం ఉండగల జాతి ఇది. మాది ఐదు వారాలు తినకపోతే టెన్షన్‌తో నేను మూడు కిలోలు తగ్గాను, అది పది గ్రాములు కూడా తగ్గలేదు.

అసలు గొడవ పోయినసారి కుబుసంతో వచ్చింది. పొట్ట గులాబీ రంగుకి తిరిగింది, ఒళ్లు మసకబారింది, కళ్ల మీద నీలంగా పాలపొర కమ్మింది. పాత చర్మానికీ కొత్తదానికీ మధ్య ద్రవం చేరితే అలా అవుతుంది. ఆ రోజుల్లో చూపు సరిగా ఆనదు, చిరాగ్గా ఉంటుంది, తిండి పెట్టకపోవడమే మంచిది. తర్వాత కళ్లు తేటపడ్డాయి. ఇక ఊడుతుందని కాచుకుని కూర్చుంటే, గోడ సున్నం పెచ్చుల్లా ముక్కలు ముక్కలుగా రాలింది. తోక కొసకి ఒక ముక్క ఉంగరంలా బిగుసుకుంది. ఎడమ కన్ను మసగ్గానే మిగిలిపోయింది. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది. కుబుసంతో పాటు అదీ రావాలి. రాలేదు.

పాముని అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "ట్వీజర్‌తో లాగేయండి, ఏం కాదు" అన్నాడు. అమ్మేటప్పుడు గంటసేపు ఊదరగొట్టిన మనిషి! నాకు ధైర్యం చాల్లేదు కాబట్టి సరిపోయింది. లాగితే కింద ఉన్న కొత్త పొర చిరిగి కన్నే పోవచ్చట.

పాముల్ని చూసే డాక్టర్ దగ్గరికి మంచి విద్యార్థిలా వెళ్లాను. పెట్టెలో అంటించిన తేమ మీటర్‌ని పీకి పట్టుకెళ్లాను. రెండు నెలల లెక్కలు రాసిన నోట్‌బుక్ కూడా. ఆవిడ పేజీలు తిప్పారు.

"రోజూ 60 శాతమేనా?"

"అవునండీ, నేను చాలా జాగ్రత్తగా చూసుకుంటాను."

మీటర్‌ని నోటి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊదారు. ముల్లు కదల్లేదు. బల్లకేసి తట్టారు. కదల్లేదు. "ఇది ఇరుక్కుపోయిందండీ. రెండు నెలల్లో ఒక్కరోజైనా అనుమానం రాలేదా?" అసిస్టెంట్ కుర్రాడు అటు తిరిగాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆఫీసులో పదిమంది లెక్కల్లో తప్పులు పట్టేవాణ్ణి నేను! చెవులు వేడెక్కిపోయాయి. తల దించుకుంటే, బాగున్న కంటితో పాము నన్నే చూస్తోంది.

ఇంటికొచ్చి డిజిటల్ మీటర్ పెడితే 38 శాతం. ఉండాల్సింది 55 నుంచి 65, కుబుసం సమయంలో 70 దాకా. గాలికి కాస్త వదిలి పైజాలీ మూశాను, పెద్ద నీళ్ల గిన్నె పెట్టాను, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచుతో దాక్కునే డబ్బా ఒకటి అమర్చాను. తడి టవల్ మడతల్లోంచి పాకనిస్తే తోక ఉంగరం ఊడొచ్చింది. కంటిని ముట్టుకోవద్దు, వచ్చే కుబుసం దాకా ఆగమన్నారు డాక్టర్. రోజూ నీళ్లు చిమ్మితే చాలనేవాళ్ల మాట వినకండి. అది కాసేపట్లో ఆరిపోతుంది, పోనీ అని ఎక్కువ చిమ్మితే పెట్టెలో కింద పరిచిన పొట్టు నాని పొట్ట పొలుసులు కుళ్లుతాయి.

నిన్నటి కుబుసం తిరగేసిన సాక్సులా ఉంది. తల భాగాన్ని లైటు కింద పెట్టి చూశాను. కుడివైపు ఒక పొర. ఎడమవైపు ఒకదానికొకటి అతుక్కుని రెండు.

ఆ ముల్లు మీటర్‌ని పారేయలేదు, నా టేబుల్ మీదే ఉంది. ఇప్పుడు కూడా 60 చూపిస్తోంది.