గెటిస్‌బర్గ్ కాలేజీలో గంట కొట్టినవారు, ఉష్ణోగ్రత రాసినవారు

అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1863 జూలై 3 మధ్యాహ్నం 2 గంటలకు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్ పట్టణంలో ఉష్ణోగ్రత 87 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 30.6 డిగ్రీల సెల్సియస్. సరిగ్గా ఆ వేళకు, దేశం నుంచి వేరుపడ్డ దక్షిణాది రాష్ట్రాల సైన్యపు ఫిరంగులు సుమారు 150, ఊరి దక్షిణాన ఉత్తరాది సైన్యం నిలిచి ఉన్న సిమెటరీ రిడ్జ్ అనే గుట్ట మీద నిప్పులు కురిపిస్తున్నాయి. మరో గంటకల్లా, పికెట్ దాడి అనే పేరుతో చరిత్రకెక్కిన పదాతి దాడి మొదలవుతుంది. ఆ పూట ఎండ ఎంత ఉందో ఇంత కచ్చితంగా ఈనాటికీ చెప్పగలుగుతున్నామంటే, అది అక్కడి పెన్సిల్వేనియా కాలేజీలో (నేటి గెటిస్‌బర్గ్ కాలేజీ) గణితమూ ప్రకృతి విజ్ఞానమూ బోధించిన మైఖేల్ జేకబ్స్ చలవ. రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత చూసి, ఆకాశంలో మబ్బు ఎంత ఉందో, గాలి ఎటు వీస్తోందో రాసుకోవడం ఆయనకు ఏళ్లనాటి అలవాటు. యుద్ధం జరిగిన మూడు రోజులూ ఆయన ఆ అలవాటు మానలేదు. జూలై 1 మధ్యాహ్నం 76, జూలై 2 మధ్యాహ్నం 81, మూడోనాడు 87, నాలుగోనాడు వాన కురిసి మళ్లీ 72. పోరాడిన సైనికుల దాహాన్ని గురించి రాయదలచుకున్న ప్రతి చరిత్రకారుడూ ఇప్పటికీ ఈ అంకెల దగ్గరికే వస్తాడు.

జేకబ్స్ చరిత్ర ప్రొఫెసర్ కాకపోవడమే నాకు ఇందులో అన్నిటికంటే ఎక్కువ నచ్చిన సంగతి. ఆయన తన పని తాను చేసుకుపోయారు. అది చరిత్రకు పనికివచ్చింది. నేను ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేస్తాను కనుక, ఒక విద్యాసంస్థను చూసినప్పుడు అక్కడ ఎవరు ఏం బోధిస్తారన్న దానికంటే ఎవరు ఏం రాసి ఉంచుతారు, ఎవరు ఏం దాచి ఉంచుతారు, ఎవరు తాళాలు తీస్తారు అన్న వాటి మీదికే నా దృష్టి ముందు పోతుంది. అమెరికా చరిత్ర అధ్యయనానికి పేరుపడ్డ చిన్న కాలేజీల్లో గెటిస్‌బర్గ్‌ను ఎంచుకుని ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. అక్కడ అధ్యాపకుల కథ, సిబ్బంది కథ ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. అయితే వాటిలో ఒకటి బాగా కనబడుతుంది, రెండోది వెతికితే తప్ప కనబడదు.

ఈ కాలేజీని 1832లో లూథరన్ మతాచార్యుడు శామ్యూల్ సైమన్ ష్మకర్ స్థాపించారు. అంతకు ఆరేళ్ల ముందే ఆయన అదే ఊళ్లో ఒక వేదాంత పాఠశాలను నెలకొల్పారు. కాలేజీకి స్థలం, రాష్ట్ర ప్రభుత్వ సొమ్ము సమకూరడంలో తోడ్పడిన స్థానిక న్యాయవాది థాడియస్ స్టీవెన్స్, తరువాతి కాలంలో అమెరికా కాంగ్రెస్‌లో బానిసత్వ నిర్మూలనకు పట్టుబట్టిన నాయకుల్లో అగ్రగణ్యుడయ్యారు. పెన్సిల్వేనియా కాలేజీ అన్న పేరు 1921లో గెటిస్‌బర్గ్ కాలేజీగా మారింది. ఇది చరిత్ర ఒక్కటే చెప్పే కాలేజీ కాదు. రసాయన శాస్త్రమూ చెబుతారు, సంగీతమూ చెబుతారు. కానీ యుద్ధభూమి జాతీయ ఉద్యానం ఆవరణకు ఆనుకునే ఉన్నందున, చరిత్ర వద్దనుకునే విద్యార్థికి కూడా అది ఎదురుపడుతూనే ఉంటుంది.

యుద్ధం నేరుగా తరగతి గదిలోకే వచ్చిపడింది. జూన్ 1863లో దక్షిణాది సైన్యం సరిహద్దు దాటుతోందన్న వార్త రాగానే, విద్యార్థులు పలువురు 26వ పెన్సిల్వేనియా అత్యవసర మిలీషియా అనే పౌర దళంలో చేరి ఒక కంపెనీగా ఏర్పడ్డారు. జూన్ 26న ఊరికి పడమర ఉన్న మార్ష్ క్రీక్ దగ్గర, శత్రువు బలం తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువని తెలిసి వెనుదిరగవలసివచ్చింది. మిగిలిన కొద్దిమందితో జూలై 1 ఉదయం కూడా పాఠం మొదలుపెట్టిన ఘనత కాలేజీ అధ్యక్షుడు హెన్రీ లూయిస్ బావర్‌ది. ఫిరంగి మోతలు దగ్గరయ్యేదాకా ఆయన పాఠం సాగించారని అక్కడి పాత విద్యార్థులు చెప్పుకున్నారు. సాయంత్రానికి ఊరు దక్షిణాది సైన్యం చేతికి చిక్కింది. కాలేజీ ప్రధాన భవనం పెన్సిల్వేనియా హాల్ క్షతగాత్రుల ఆసుపత్రిగా మారింది. విద్యార్థులు పడుకునే గదుల్లో, చదువుకునే గదుల్లో, నడవాల్లో గాయపడినవారిని వరుసగా పడుకోబెట్టారు. కాలేజీ భాషలో చెప్పాలంటే, సెలవులకు ఇంకా నిండా సమయం ఉండగానే ఆ ఏటి పాఠాలు ముగిసిపోయాయి.

అదే ఏడాది నవంబర్ 19న, సైనికుల శ్మశానవాటిక ప్రారంభోత్సవంలో అబ్రహాం లింకన్ కొద్ది నిమిషాల ప్రసంగం చేసిన తరువాత, సభను ముగిస్తూ ఆశీర్వచనం పలికింది ఈ బావర్‌గారే. లింకన్ మాటలు ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. కాలేజీ అధ్యక్షుని ఆశీర్వచనం కాలేజీ చరిత్ర రాసేవారికి మాత్రమే గుర్తుంది. సభల్లో చివర మాట్లాడేవారి గతి ఎక్కడైనా అంతే అనుకుంటాను.

ఇక వెతికితే తప్ప కనబడని కథకు వస్తాను. 1847 నుంచి ఈ కాలేజీలో జానిటర్‌గా పనిచేసిన జాన్ హాప్కిన్స్ నల్లజాతీయుడు. జాక్ అని పిలిచేవారు. ఆ కాలపు కాలేజీలో జానిటర్ అంటే చీపురు పట్టుకునే ఉద్యోగి మాత్రమే కాదు. గదులు శుభ్రపరచడంతోపాటు పొయ్యిల బాగోగులు, తాళాల బాధ్యత, తరగతులకు గంట కొట్టడం కూడా అలాంటివారి మీదే ఉండేవి. రోజు ఎప్పుడు మొదలవుతుందో, పాఠం ఎప్పుడు ముగుస్తుందో అధ్యక్షుని ఉత్తర్వులో ఉంటుంది గానీ, అది అమలయ్యేది జానిటర్ చేతిలో. విద్యార్థులు ఆయనను ముద్దుగా ‘ఉపాధ్యక్షుడు’ అని పిలిచేవారు.

ఆ ముద్దుపేరు గురించి నేను చాలాసేపు ఆలోచించాను. అందులో అభిమానం ఉందన్న మాట నిజమే. రెండు దశాబ్దాలపాటు అక్కడే పనిచేసిన మనిషిని రోజూ చూసిన కుర్రవాళ్లకు ఆయన లేకపోతే కాలేజీ నడవదని తెలుసు. కానీ ఆ హాస్యం పండడానికి కారణం, ఆయన ఎన్నటికీ ఉపాధ్యక్షుడు కాలేడని అందరికీ తెలియడమే. ఆయన ఊడ్చిన ఆ తరగతి గదుల బల్లల మీద నల్లజాతి విద్యార్థులు కూర్చునే కాలం అప్పటికి రాలేదు. బానిసత్వం చట్టబద్ధమైన మేరీలాండ్ అక్కడికి పది మైళ్లు కూడా లేదు. 1863 వేసవిలో దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలో అడుగుపెట్టినప్పుడు, స్వేచ్ఛగా బతుకుతున్న నల్లజాతీయులను సైతం పట్టుకుని దక్షిణానికి బానిసలుగా తరలించింది. అందుకే గెటిస్‌బర్గ్‌లోని నల్లజాతి కుటుంబాలు చాలా మటుకు యుద్ధానికి ముందే ఊరు విడిచి పారిపోయాయి. ప్రొఫెసర్‌కు యుద్ధం వస్తే పాఠాలు ఆగిపోతాయి. జానిటర్‌కు యుద్ధం వస్తే భార్యాబిడ్డలు బానిసల సంతలో అమ్ముడుపోయే ప్రమాదం. ఒకే కాలేజీ, ఒకే జూలై నెల, ఇద్దరు ఉద్యోగులు అనుభవించిన భయాలు మాత్రం ఒకటి కావు.

బావర్ 1868లో, పదవిలో ఉండగానే కన్నుమూశారు. హాప్కిన్స్ కూడా అదే ఏడాది మరణించారు. అధ్యక్షుడు, ‘ఉపాధ్యక్షుడు’ ఒకే సంవత్సరంలో పోయారన్న ఈ సంగతిని కాలేజీ వారు ఎక్కడైనా చెక్కించి ఉంటే బాగుంటుందనిపిస్తుంది. దానికి బదులు పెన్సిల్వేనియా హాల్ లిఫ్టులో దయ్యాలు కనబడతాయన్న కథను ఊళ్లో సందర్శకులకు టికెట్ పెట్టి మరీ చెబుతారు. దయ్యాలకు దక్కిన ప్రచారంలో పదో వంతు ఆ భవనాన్ని తుడిచినవారికి దక్కలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో చరిత్ర శాఖ మెల్లగా బలపడింది. 1923 నుంచి 1959 వరకు బోధించిన రాబర్ట్ ఫోర్టెన్‌బా పేరిట ఏటా నవంబర్ 19న, అంటే లింకన్ ప్రసంగపు రోజున, ఒక స్మారకోపన్యాసం జరుగుతుంది. దేశంలోని పేరున్న అంతర్యుద్ధ చరిత్రకారుల్లో ఆ వేదిక ఎక్కనివారు అరుదు. చార్లెస్ గ్లాట్‌ఫెల్టర్ అనే మరో ప్రొఫెసర్, తాను దశాబ్దాలపాటు బోధించిన కాలేజీ చరిత్రనే 1832 నుంచి 1985 దాకా రెండు సంపుటాలుగా రాశారు. సొంత సంస్థ చరిత్రను దాని జీతం తింటూ రాయడం కత్తి మీద సాము. పొగడ్త కావాలని సంస్థ ఆశిస్తుంది, చరిత్రకారుడు కాగితాల దగ్గరే ఆగాలి. ఇలాంటి పనికి పూనుకునేవారు చిన్న కాలేజీల్లో సాధారణంగా ఒక్కరే ఉంటారు. వారు పదవీ విరమణ చేశాక ఆ కుర్చీ తరచూ ఖాళీగానే ఉండిపోతుంది.

కాలేజీని దేశవ్యాప్తంగా ప్రసిద్ధం చేసిన ప్రొఫెసర్ మాత్రం గేబర్ బోరిట్. బుడాపెస్ట్‌లో పుట్టి, 1956 నాటి హంగరీ తిరుగుబాటు అణచివేత తరువాత కుర్రవాడిగా అమెరికా చేరిన శరణార్థి ఆయన. ఇంగ్లీషు నేర్చుకోవడానికి చేతికందిన లింకన్ రచనలే ఆయనను చరిత్రకారుణ్ణి చేశాయి. 1980ల తొలి ఏళ్లలో గెటిస్‌బర్గ్ వచ్చి అంతర్యుద్ధ అధ్యయన సంస్థను నెలకొల్పారు. 1990లో రిచర్డ్ గిల్డర్, లూయిస్ లెర్మన్ అనే ఇద్దరు వ్యాపారవేత్తలతో కలిసి లింకన్ ప్రైజ్‌ను ప్రారంభించారు. లింకన్ మీద గానీ అంతర్యుద్ధ కాలం మీద గానీ వచ్చిన ఉత్తమ రచనకు ఇచ్చే ఈ బహుమతి మొత్తం 50,000 డాలర్లు. 2008లో ఆయనకు జాతీయ మానవీయ శాస్త్రాల పతకం లభించింది. పరాయి దేశం నుంచి వచ్చినవాడు స్థానికులకు వారి చరిత్రను బోధించడమేమిటని ముక్కు విరిచేవారు ఏ దేశంలోనైనా ఉంటారు. బోరిట్ జీవితం వారికి చాలినంత జవాబు.

అయితే ఒక సంస్థను స్థాపించడం వేరు, ఏటా వేసవిలో దానిచేత సదస్సు జరిపించడం వేరు. ఉపన్యాసకుల ప్రయాణాలు, వసతి, యుద్ధభూమికి తీసుకువెళ్లే బస్సులు, వాన పడితే ఏ హాలులోకి మళ్లించాలన్న ఏర్పాటు, భోజనాల లెక్క, ఇవేవీ ప్రొఫెసర్లు చూసే పనులు కావు. కార్యాలయ సిబ్బందిలో ఇద్దరు ముగ్గురు ఏడాది పొడవునా ఆ నాలుగైదు రోజుల కోసమే పనిచేస్తారు. ఏ చిన్న కాలేజీలోనైనా ఇదే వరస. బోధనేతర సిబ్బందిలో ఒక్కొక్కరి నెత్తిన మూడేసి ఉద్యోగాలుంటాయి, వాటిలో ఒకదానికే హోదా పేరు ఉంటుంది.

గ్రంథాలయం సంగతి నేను కాస్త విపులంగా చెప్పకుండా ఉండలేను. కాలేజీలోని మసల్‌మన్ లైబ్రరీలో అరుదైన పత్రాల విభాగం ఉంది. ఇటువంటి విభాగాల్లో పరిశోధకుడికి కనబడేది ఒక బల్ల, ఒక పెన్సిలు, ఒక పెట్టె. పెన్నుకు అనుమతి లేదు, ఒకసారికి ఒక్క ఫోల్డరే తెరవాలి, బైటికి తీసిన ఫోల్డర్ చోటు తెలిసేలా పెట్టెలో ఒక అట్టముక్క నిలబెట్టాలి. ఆ పెట్టె బల్ల మీదికి రావడానికి ముందు జరిగిన పని కనబడదు. ఎవరి ఇంటి అటక మీదో మూటగట్టి ఉన్న ఉత్తరాలను తెచ్చి, తుప్పుపట్టిన పిన్నులు ఒక్కొక్కటీ ఊడదీసి, ఆమ్లం లేని కాగితపు సంచుల్లోకి మార్చి, తేదీలేని ఉత్తరానికి అందులోని సంగతులనుబట్టి తేదీ ఊహించి, చివరికి ఏ పెట్టెలో ఏ ఫోల్డర్లో ఏముందో వివరసూచిక తయారుచేసేది ఆర్కైవ్ సిబ్బంది. చరిత్రకారుడు పుస్తకం ముందుమాటలో వారికి ఒక వాక్యం కేటాయిస్తాడు. ఒక ఉత్తరాన్ని 1862లో పెట్టాలా, 1863లో పెట్టాలా అన్న నిర్ణయం ఒక పుస్తకంలోని అధ్యాయాన్నే మార్చగలదని ఆ వాక్యంలో ఉండదు.

అధ్యాపకుల్లో కూడా అందరూ ఒకే మెట్టు మీద లేరు. అమెరికా కాలేజీల్లో టెన్యూర్ దొరికిన ప్రొఫెసర్‌కు ఉద్యోగం దాదాపు శాశ్వతం. దాని కోసం సాధారణంగా ఆరో ఏట బోధన, పరిశోధన, సేవ అన్న మూడింటినీ తూచి తీర్పు చెబుతారు. కాదంటే మరో ఏడాదిలో సర్దుకుని వెళ్లాల్సిందే. విజిటింగ్ పేరుతో ఏడాదికో రెండేళ్లకో వచ్చేవారు, కోర్సుకు ఇంత అని తీసుకునే అడ్జంక్ట్‌లు ఈ లెక్కలోకే రారు. చిన్న కాలేజీలో బోధనకు ఎక్కువ విలువ ఇస్తారని అందరూ అంటారు. ఇస్తారు కూడా, ఎందుకంటే ఇరవై మంది ఉన్న తరగతిలో ప్రొఫెసర్‌కు విద్యార్థి పేరు తెలియకుండా పోదు. కానీ నెలలు లెక్కపెట్టుకుంటూ బోధించే మనిషి చెప్పే పాఠానికి, ముప్పై ఏళ్లు అదే ఊళ్లో ఉంటానన్న భరోసాతో చెప్పే పాఠానికి తేడా రాకుండా ఎలా ఉంటుంది? స్థానిక పత్రాల్లోకి దిగి పనిచేయాలంటే ముందు ఆ ఊళ్లో ఉండగలగాలి.

ఇటీవలి ఏళ్లలో, పైన చెప్పిన ఇద్దరు వ్యాపారవేత్తల పేరిట ఉన్న గిల్డర్ లెర్మన్ సంస్థతో కలిసి ఈ కాలేజీ అమెరికా చరిత్రలో ఎం.ఏ. పట్టా ఇస్తోంది. దూరవిద్యగా సాగే ఈ కోర్సు ముఖ్యంగా బడిపంతుళ్ల కోసం ఉద్దేశించింది. పేరున్న చరిత్రకారులు పాఠాలు చెబుతారు. విద్యార్థులతో చర్చలు నడిపి, వారి వ్యాసాలు చదివి, మార్కులు వేసేవారు వేరే ఉంటారు. ఉత్తరం తేదీని తప్పుగా అర్థం చేసుకున్న విద్యార్థికి, ఆ తప్పు ఎక్కడ జరిగిందో మార్జిన్‌లో రాసి చూపించేది ఈ రెండోవారే.