కోరంగి నుంచి మారిషస్‌కి నలుగురం

మారిషస్ తెలుగువాళ్ల మీద డాక్యుమెంటరీ తీద్దామనుకున్నప్పుడు, మొదటి షాట్ తాళ్లరేవు పక్కనున్న కోరంగిలోనే తీయాలని పట్టుబట్టాను. చెరకు తోటల్లో పనికని మనవాళ్లు ఓడెక్కిన రేవుల్లో అదొకటి. ఎక్కిన చోటు చూపించకుండా దిగిన చోటు మాత్రమే చూపిస్తే అది సగం కథే.

తెల్లారగట్ల పోటు చూసుకుని పడవెక్కాం. ఇప్పుడక్కడ రేవు ఆనవాళ్లేం కనబడవు. రెండు పక్కలా మడ అడవి, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన తెల్లమడ వేళ్లు, వాటి సందుల్లో పీతలు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఈ ఊరిని ఊడ్చేసింది. అయినా ఓడలు ఆగలేదు. 1843లో ‘కోరింగ పాకెట్’ అనే ఓడ ఇక్కడి కూలీలను ఎక్కించుకునే మారిషస్ వెళ్లింది. తర్వాత్తర్వాత గోదావరి ఒండ్రు మేటలు వేసి, ఓడలకు లోతు చాలక, వర్తకం కాకినాడకి తరలిపోయింది.

సౌండ్ చూసే కుర్రాడు ఇంజను ఆపించి, బురదలో బుడగలు చిట్లే చప్పుడు దాకా రికార్డు చేశాడు. పడవాయన “ఆటు మొదలైపోయిందండి బాబూ, ఇంకాసేపుంటే మేట మీద కూర్చుండిపోతాం, ఆయ్” అనేదాకా కదల్లేదు.

కెమెరామన్, సౌండు కుర్రాడు, మా మేనల్లుడు, నేను. అంతకు మించి మనుషులు వద్దన్నాను. పెద్ద యూనిట్ వాకిట్లో దిగితే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు, నలుగురే వెళ్తే కాఫీ ఇచ్చి కబుర్లు చెబుతారు.

సామాను సర్దుకోవడానికే ఎక్కువ ఓపిక కావాలి. విడి లిథియం బ్యాటరీలను చెక్‌ఇన్ పెట్టెల్లో వేయనివ్వరు, చేతి సంచిలోనే పట్టుకెళ్లాలి. 100 వాట్ అవర్లు దాటినవాటికి విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి. అందుకని అన్నీ చిన్నవే తీసుకుని, ఒక్కోదాని కొసలకీ టేపు అంటించాం. పరికరాలకు వాణిజ్య సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే తీసుకున్నాం. సామాను తాత్కాలికంగా వేరే దేశానికి పట్టుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే కస్టమ్స్ పత్రం అది. అందులో ప్రతి లెన్సూ సీరియల్ నంబరుతో సహా ఉంటుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండు దేశాల కస్టమ్స్ వాళ్లచేతా ముద్ర వేయించుకుంటే ఎక్కడా సుంకం కట్టక్కర్లేదు. చిన్న జట్లు ఖర్చని దీన్ని వదిలేస్తుంటాయి. దయచేసి వదలకండి.

కాకినాడ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి ముంబయి, ఆపైన సముద్రం మీదుగా. దిగాక గడియారాలు గంటన్నర వెనక్కి తిప్పుకున్నాం.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో, కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ రాతిమెట్లని కెమెరామన్ నేలకి ఆనించినంత కిందనుంచి తీశాడు. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది కూలీలు మన దేశం నుంచి ఈ దీవికి వచ్చారు. 2006లో ఆ చోటు ప్రపంచ వారసత్వ జాబితాలోకి చేరింది. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, నంబరు, ఊరు, ఓడ, అన్నీ రాసిపెట్టారు.

నేను అసలు వెళ్లింది మాత్రం ఓ మామ్మగారి కోసం. ఆవిడ మాట్లాడేది అక్కడి వాడుక భాష క్రియోల్, పాడేది తెలుగు. బళ్లో తెలుగు నేర్చుకున్న మనవడు మాకు మాట సాయం చేశాడు. ల్యాప్‌టాప్‌లో కోరంగి దృశ్యాలు పెట్టాం. కళ్లజోడు సర్దుకుని తెరకి బాగా దగ్గరగా వంగి చూసి, “ఓడలేవి?” అని అడిగింది. ఉప్పెనలూ ఒండ్రూ మేటలూ వివరంగా చెప్పాను. మనవడు క్రియోల్‌లోకి మార్చేలోపే ఆవిడకి సగం అర్థమైపోయినట్టుంది, మళ్లీ మొదటినుంచి పెట్టమని చేత్తో సైగ చేసింది. రెండోసారి పీతల్ని చూసి నవ్వింది.

ఆ శనివారం వాళ్లింట్లో రామభజన. దీపం చుట్టూ అడుగులేస్తూ, తాళాలతో, రాత్రి పొద్దుపోయేదాకా. ఆ మాటలు మన పల్లెల్లో పాడేవే, కాస్త అరిగిపోయాయంతే. ఒక మైకు దీపానికి దూరంగా పెట్టాం, ఇంకొకటి మామ్మగారి చీర కొంగుకి తగిలించాం. ఎవరూ మావైపు చూడలేదు. చిన్న జట్టుతో వెళ్లమని అందరికీ చెప్పేది ఇందుకే.

మేం బయల్దేరేటప్పుడు ఆవిడ ఒక్కటే కోరింది. వాళ్లు కొలిచేది సింహాద్రి అప్పన్నని, ఆయనకి తన పాట వినిపించాలట. గుడి లోపల కెమెరా కుదరదు. అందుకని సింహాచలం కొండమెట్ల దగ్గర చిన్న స్పీకరు పెట్టుకుంటామని అర్జీ రాశాం. అనుమతి రాగానే మా మేనల్లుడు అక్కడినుంచి వీడియో కాల్ చేసి, మామ్మగారికి చూపిస్తాడు.