నల్గొండ ఎత్తుకు తగిన ప్రెషర్ క్యానర్: ఎంపికలో నా అనుభవం

ప్రెషర్ క్యానర్ అంటే సీసాల్లో నింపిన పదార్థాన్ని ఆవిరి ఒత్తిడితో వేడిచేసి నిల్వకు సిద్ధం చేసే పెద్ద గిన్నె. అది కొనే ముందు ఊరి ఎత్తు తెలుసుకోవాలి. నల్గొండ పట్టణం సముద్ర మట్టానికి సుమారు 420 మీటర్ల ఎత్తులో ఉందని చెబుతారు, అంటే దాదాపు 1,380 అడుగులు. మహబూబ్‌నగర్ ఇంకా పైన, 500 మీటర్లకు దగ్గర. వెయిట్‌తో నడిచే క్యానర్లకు అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చిన పట్టికల ప్రకారం 1,000 అడుగుల వరకు చదరపు అంగుళానికి 10 పౌండ్ల ఒత్తిడి చాలు. ఆ ఎత్తు దాటితే 15 పౌండ్లు ఉండాలి. మిర్యాలగూడ సాగర్ ఎడమ కాల్వ కింద పల్లంలో ఉంది కాబట్టి అక్కడ 10 సరిపోతుంది. ఒకే జిల్లాలో రెండు లెక్కలన్నమాట. అందుకే 15 పౌండ్ల వెయిట్ లేని క్యానర్లను నేను మొదట్లోనే పక్కన పెట్టాను.

ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. నల్గొండలో నీళ్లు 98.5 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అలాగే 10 పౌండ్ల వెయిట్ పెట్టినా సముద్ర తీరంలో కన్నా ఇక్కడ లోపలి వేడి దాదాపు ఒక డిగ్రీ తక్కువ. ఒక్క డిగ్రీయే కదా అని వదిలేయడానికి లేదు. బొట్యులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధ తెచ్చే బ్యాక్టీరియా స్పోర్లను, అంటే విత్తనాల్లాంటి దాని మొండి రూపాలను చంపాలంటే, వేడి 10 డిగ్రీలు తగ్గినప్పుడు పది రెట్లు సమయం పడుతుంది. ఆ లెక్కన ఒక్క డిగ్రీకే చచ్చే వేగం ఐదో వంతు పడిపోతుంది. ఈ స్పోర్లు మరిగే నీళ్లను తట్టుకుంటాయి. గాలి చొరని, పులుపు లేని సీసాలో మళ్లీ మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషాన్ని వాసనతోనో రుచితోనో పసిగట్టలేం.

మామిడికాయ తొక్కుకు, చింతకాయ తొక్కుకు క్యానర్ అక్కర్లేదు, వాటిని ఉప్పూ పులుపే కాపాడతాయి. పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 కన్నా ఎక్కువున్న మాంసం, కోడి, బొబ్బర్లు, బెండకాయ, మక్క గింజలు వంటి వాటికే ఇది కావాలి. టమాట సరిగ్గా ఆ గీత దగ్గరే ఊగిసలాడుతుంది కాబట్టి పింట్ సీసాకు (సుమారు అర లీటరు) పావు టీస్పూన్ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపాలి. నకిరేకల్ నిమ్మకాయలు చేతిలో ఉండగా నిమ్మ ఉప్పు ఎందుకని అనిపిస్తుంది. కాయ కాయకూ పులుపు మారుతుంది, అందుకే పిండిన రసాన్ని లెక్కలోకి తీసుకోరు. చికెన్ పచ్చడి, ముద్దపప్పు, అన్నం కలిసిన వంటకాలకు పరీక్షించిన సమయాలు లేవు. చిక్కటి పదార్థంలో వేడి సీసా నడిమధ్యకు ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. వాటిని నేను సీసాకు ఎక్కించను.

ఇంట్లో ఉన్న 18 లీటర్ల కుక్కర్ చాలదా అనే ప్రశ్న దగ్గర నేను చాలా రోజులు ఆగాను. మన కుక్కర్ వెయిట్ కూడా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దగ్గర, అంటే సుమారు 15 పౌండ్ల దగ్గరే లేస్తుంది. అయినా పట్టికలోని సమయం క్యానర్ నెమ్మదిగా వేడెక్కడాన్నీ, నెమ్మదిగా చల్లారడాన్నీ కలుపుకొని వేసింది. నాలుగు క్వార్ట్ సీసాలు (ఒక్కోటి సుమారు లీటరు) నిలువుగా పట్టే క్యానర్లకే అది వర్తిస్తుంది. చిన్న కుక్కర్ తొందరగా వేడెక్కి తొందరగా చల్లారుతుంది, ఆ మేరకు స్పోర్లకు తగలాల్సిన వేడి తగలదు. పెద్ద కుక్కర్‌లో సీసాలు పట్టినా, విజిల్ వేసిన ప్రతిసారీ ఒత్తిడి పడి లేస్తుంది. ఆ ఊపుకు సీసాలోని రసం మూత కింది నుంచి బయటికి పొంగుతుంది. కుక్కర్‌ను వంటకే ఉంచేశాను.

తర్వాత గేజీ సంగతి. ముల్లు గేజీతో మాత్రమే నడిచే క్యానర్‌కు మన ఎత్తులో 11 పౌండ్లు చూపిస్తే చాలు, 2,000 అడుగుల వరకు అదే లెక్క. కానీ ఆ గేజీని ఏటా ఒకసారి సరిచూపించాలి. ఆ పని చేసిపెట్టేవాళ్లు నాకు ఇక్కడ దొరకలేదు. వెయిట్‌కు ఆ బాధ లేదు, లోహపు ముక్క బరువు మారదు. కాబట్టి ఒత్తిడిని వెయిట్ చూసుకోవాలి, ముల్లు ఉంటే ఒక కన్ను వేసి ఉంచడానికి పనికొస్తుంది. నేను చూసిన రెండు అమెరికా క్యానర్లలో ప్రెస్టో కంపెనీ 23 క్వార్ట్‌ల క్యానర్ ముల్లు గేజీది. దానికి 5, 10, 15 పౌండ్లుగా విడదీసుకునే మూడు ముక్కల వెయిట్ విడిగా దొరుకుతుంది. రెండోది ఆల్ అమెరికన్ కంపెనీ 921 మోడల్, దానికి ముల్లుతో పాటు 5, 10, 15 పౌండ్ల వెయిట్ కూడా వస్తుంది.

ఈ రెండింట్లో నేను 921 వైపు మొగ్గడానికి కారణం రబ్బరు. ప్రెస్టో మూతకు గ్యాస్కెట్ (రబ్బరు రింగు) ఉంటుంది, ఎండకు, వాడకానికి అది గట్టిపడితే ఆవిరి పక్క నుంచి కారుతుంది. ఆ కొలత రబ్బరు మన బజార్లో కుక్కర్ రబ్బర్లు అమ్మే కొట్లో అడిగితే దొరకదు. అది కొనేవాళ్లు ఒక గ్యాస్కెట్, ఒక సేఫ్టీ ప్లగ్ (ఒత్తిడి మితిమీరితే ఆవిరిని వదిలే బిరడా) అదనంగా ముందే తెప్పించుకోవాలి. 921లో రబ్బరు లేదు, లోహం మీద లోహం కూర్చుంటుంది. అంచుకు పలచగా నూనె రాసి, మూత సమంగా పెట్టి, ఎదురెదురు వింగ్ నట్లను (చేత్తో తిప్పే రెక్కల నట్లు) జంటగా బిగించాలి. ఒక పక్కే ముందు బిగిస్తే మూత వాలుతుంది, ఆవిరి ఆగదు, బలం పెట్టి బిగించినా లాభం ఉండదు. మూతకూ గిన్నెకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉందో లేదో ప్రతిసారీ చూస్తాను.

దీని కష్టం బరువు. ఖాళీగానే 9 కిలోలు. రెండు వరుసల్లో 19 పింట్ సీసాలు, నీళ్లు కలిస్తే 25 కిలోలు దాటుతుంది. గ్లాస్ టాప్ పొయ్యి మీద ఇంత బరువు పెట్టొద్దు. కదలని ఇనుప స్టాండ్ ఉన్న ఒంటి బర్నర్ పొయ్యి మేలు. అలాగని ఫంక్షన్లలో వాడే భట్టీ మంట మీద పెట్టకూడదు, పలచటి క్యానర్ల అడుగు వంగిపోతుంది. అల్యూమినియం కాబట్టి ఇండక్షన్ మీద పని చేయదు. అమెరికాలో అమ్మే కరెంటు క్యానర్లు 120 వోల్టులవి, మన 230కి నేరుగా పెడితే కాలిపోతాయి.

సీసాల దగ్గర తొందర పడకూడదు. అలంకారానికి అమ్మే సీసాలు చూడటానికి మేసన్ జార్లలాగే (క్యానర్‌లో పెట్టే గట్టి గాజు సీసాలు) ఉన్నా గాజు పలచన, అడుగు ఊడిపోతుంది. మూతి 70 మిల్లీమీటర్లో 86 మిల్లీమీటర్లో ఉంటేనే రెండు ముక్కల మూత కూర్చుంటుంది. అందులో చదును మూత ఒక్కసారికే పనికొస్తుంది, రింగు మళ్లీ మళ్లీ వాడొచ్చు. అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తేలికైన చదును మూతలు ఎక్కువ తెమ్మనండి. పచ్చళ్లు కొన్నప్పుడు వచ్చే తిప్పుడు మూతల సీసాలు దీనికి వద్దు.

మొదటి విడతలో ఉత్త నీళ్లతో నడిపి వెయిట్ తీరు చూశాను. రెండో విడతలో బొబ్బర్లు పెట్టాను. 12 నుంచి 18 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి, కొత్త నీళ్లలో అరగంట ఉడికించి, వేడి సీసాల్లో వేడిగానే నింపాలి. పింట్‌కు అర టీస్పూన్ ఉప్పు. పైన ఒక అంగుళం ఖాళీ వదలాలి. తడిగుడ్డతో మూతి తుడిచి, రింగును వేళ్ల బలంతోనే బిగించాలి. క్యానర్ అడుగున జాలీ పెట్టి, రెండు మూడు అంగుళాల వేడి నీళ్లు పోసి సీసాలు దించాలి. మన బోరు నీళ్లకు సీసాల మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది, క్యానర్ నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ పోస్తే పట్టదు. సీసా లోపలికి మాత్రం మిషన్ భగీరథ నీళ్లు వాడాను. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు.

మూత బిగించాక వెయిట్ పెట్టకుండా ఆవిరిని ధారగా 10 నిమిషాలు వదలాలి. లోపల గాలి మిగిలితే ముల్లు సరైన ఒత్తిడే చూపిస్తుంది కానీ వేడి తక్కువ ఉంటుంది. ఎక్కువ మంది తప్పే చోటు ఇదే. ఆ తర్వాత 15 పౌండ్ల వెయిట్ పెట్టి, అది కదలడం మొదలైన క్షణం నుంచి బొబ్బర్లకు, ఎముక లేని కోడి, గొర్రె మాంసాలకు పింట్ సీసా అయితే 75 నిమిషాలు, క్వార్ట్ అయితే 90 లెక్కపెట్టాలి. బెండకాయకు పింట్ 25 నిమిషాలు. 921 వెయిట్ నిమిషానికి ఒకటి నుంచి నాలుగు సార్లు ఊగాలి. అంతకన్నా ఎక్కువ ఊగితే మంట తగ్గించాలి. మధ్యలో ఒత్తిడి పడిపోతే మళ్లీ పైకి తెచ్చి పూర్తి సమయం మొదటి నుంచి లెక్కపెట్టాలి. సిలిండర్ సగంలో అయిపోతే పడే శిక్ష అదే, అందుకని కొత్త సిలిండర్ తగిలించే మొదలుపెడతాను.

మంట ఆపాక ముట్టుకోకూడదు. చన్నీళ్లు పోయడం, వెయిట్ లేపడం మన కుక్కర్ అలవాట్లు, ఇక్కడ వాటివల్ల సీసాల్లోని రసం బయటికి లాగేస్తుంది, సీసాలు పగులుతాయి. ఒత్తిడి తనంతట తాను దిగడానికి గంట వరకు పడుతుంది. వెయిట్ తీసి ఇంకో 10 నిమిషాలు ఆగి మూత తెరవాలి. నా మొదటి బొబ్బర్ల విడతలో రెండు సీసాలు సీలు కాలేదు, మూతి మీద గింజ తొక్క మిగలడమే కారణం. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడాం. కోడి, మాంసం పెట్టేటప్పుడు కొవ్వు అంటిన మూతిని వెనిగర్ గుడ్డతో తుడిస్తే ఇలా కాదు.

సీసాలు 12 నుంచి 24 గంటలు కదపకుండా చల్లారాక రింగులు తీసి, మూత నడుమ నొక్కి చూస్తాను. కిందికి పైకి ఆడితే సీలు కానట్టే. తినే ముందు కూడా ఇక్కడి ఎత్తుకు 12 నిమిషాలు మరిగిస్తాను. నిల్వకు 10 నుంచి 21 డిగ్రీలు మంచిది, 35 దాటకూడదు. దాటితే వేడిని ఇష్టపడే వేరే బ్యాక్టీరియా మేలుకొని, మూత ఉబ్బకుండానే లోపల పులిసిపోతుంది. మన ఎండాకాలం 44 డిగ్రీలు చూస్తుంది, స్లాబు కింది అటక ఇంకా వేడి. అందుకని చలికాలంలో పెట్టిన సీసాలను నడిమింట్లో కింది అరలో ఉంచి, శివరాత్రి నుంచి వరుసగా తీస్తూ మార్చి చివరికి ఖాళీ చేస్తున్నాను.