భూటాన్‌కి ఐదుగురం, నాలుగు రకాల కాగితాలు

భారతీయులకు భూటాన్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. మాట నిజమే. అయితే వీసా అడగనంత మాత్రాన చేతులూపుకుంటూ వెళ్లి వచ్చేయొచ్చని కాదు. లోపలికి వెళ్లడానికి పర్మిట్ కావాలి, పర్మిట్ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకునే గుర్తింపు కార్డు కావాలి, అక్కడ పడుకునే ప్రతి రాత్రికీ రుసుము కట్టాలి. మా ఇంట్లో ఈ లెక్క ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తేలింది.

వెళ్లినవాళ్లం ఐదుగురం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా వాడు, గుంటూరు నుంచి అమ్మ, డల్లాస్ నుంచి సెలవులకు వచ్చిన తమ్ముడు. నాకూ మా ఆయనకూ పాస్‌పోర్టులున్నాయి. ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువు ఉంటే చాలన్నారు, ఉంది. మాతో పని అక్కడితో అయిపోయింది. తక్కిన ముగ్గురితోనే అసలు కథ.

అమ్మకి పాస్‌పోర్ట్ లేదు. ఆధార్ కార్డు మాత్రం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకుంటుంది. భూటాన్‌లో ఆధార్ చెల్లదు. పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ కూడా చెల్లవు. భారతీయులకు రెండే దారులు: పాస్‌పోర్ట్, లేదంటే ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆ మాట చెప్తే అమ్మ నమ్మలేదు. "గ్యాస్ బండ దగ్గర్నుంచి గుడి దర్శనం దాకా అన్నిటికీ ఆధారే అడుగుతారు కదే, వీళ్లకెందుకు పనికిరాదూ?" అంది. ఆధార్ ఇక్కడ నివసిస్తున్నారని చెప్పే కార్డే గానీ పౌరసత్వానికి రుజువు కాదు, విదేశీయులకు కూడా ఇస్తారు అని మా ఆయన వివరంగా చెప్పాడు. అమ్మ అంతా విని, "అయితే ఓటేసేవాళ్లనే రానిస్తారన్నమాట" అని తేల్చేసింది. ఆలోచిస్తే అంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

ఓటరు కార్డు ఉంది గానీ అది పాత కాలం నాటిది. అందులో పుట్టిన తేదీ లేదు, ఫలానా సంవత్సరం జనవరి 1 నాటికి వయసు ఇంత అని మాత్రమే ఉంది. ఫొటోలో ఉన్నది అమ్మేనని అమ్మ చెప్తే తప్ప తెలియదు. పేరులో ఇంగ్లిష్ అక్షరాలు కూడా ఆధార్‌లో ఒకలా, ఇందులో ఒకలా ఉన్నాయి. పర్మిట్ దరఖాస్తులో పుట్టిన తేదీ అడుగుతారు కాబట్టి ముందుగానే ఫారం 8 పెట్టి సవరణ చేయించి, కొత్త ప్లాస్టిక్ కార్డు తెప్పించాం. ఓటర్ల పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే పెట్టుకోవచ్చు. తర్వాత బూత్ లెవెల్ ఆఫీసర్ ఇంటికొచ్చి చూసి వెళ్తారు. ప్రయాణానికి వారం ముందు మొదలుపెడితే మాత్రం అయ్యే పని కాదు. అందుకే పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవాళ్లు టికెట్ల కంటే ముందు ఓటరు కార్డు తీసి చూసుకోవాలి. విమానం టికెట్ మీద పేరు కూడా ఆ కార్డులో ఉన్నట్టే వేయించాం.

మా వాడికీ పాస్‌పోర్ట్ లేదు. ఓటు వయసు ఎలాగూ రాలేదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు జనన ధ్రువీకరణ పత్రం సరిపోతుంది, వెంట పెద్దవాళ్లు ఉండాలి. జీహెచ్ఎంసీ ఇచ్చింది ఇంగ్లిష్‌లోనే ఉంది కాబట్టి అనువాదం గొడవ రాలేదు. స్కూల్ ఐడీ కూడా పట్టుకెళ్లమని టూర్ ఏజెంట్ చెప్తే మెడలో వేసుకుని మరీ వచ్చాడు.

ఇక తమ్ముడు. వాడు పుట్టింది, పెరిగింది గుంటూరులోనే. ఇప్పుడు అమెరికా పౌరుడు, చేతిలో ఓసీఐ కార్డు ఉంది, అంటే వేరే దేశం పౌరులైపోయిన మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు. ఆ కార్డుతో ఇండియాకి వీసా లేకుండా రావచ్చు, ఎన్నాళ్లయినా ఉండొచ్చు. భూటాన్ దృష్టిలో మాత్రం అది లెక్కలోకి రాదు. వాడు విదేశీయుడు, అంతే. వాడికి వీసా కావాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, 40 డాలర్ల ఫీజు, ఆ ఫీజు మళ్లీ వెనక్కి రాదు. పైగా రాత్రికి 100 డాలర్ల చొప్పున రుసుము.

ఈ రుసుము గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. సుస్థిర అభివృద్ధి రుసుము అని దాని పేరు, అందరూ ఎస్‌డీఎఫ్ అంటారు. భూటాన్ విదేశీ పర్యాటకులకు తలుపులు తెరిచింది 1974లో, వాళ్ల రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగిన ఏడాది. మొదటి నుంచీ వాళ్ల పద్ధతి ఒకటే: తక్కువ మంది రావాలి, వచ్చినవాళ్లు బాగా ఖర్చు పెట్టాలి. భారతీయులకు మాత్రం చాలా కాలం ఏ రుసుమూ ఉండేది కాదు. 2020లో చట్టం తెచ్చి మనకూ, బంగ్లాదేశ్, మాల్దీవుల వాళ్లకూ రాత్రికి 1,200 రూపాయలు పెట్టారు. కరోనా తర్వాత 2022 సెప్టెంబర్‌లో దేశాన్ని మళ్లీ తెరిచినప్పుడు ఇతర విదేశీయులకు 65 డాలర్లున్నదాన్ని ఏకంగా 200 చేశారు. జనం రావడం తగ్గింది. మరుసటి ఏడాదే సగానికి దించి, 2027 ఆగస్టు చివరి దాకా 100 డాలర్లే అన్నారు. పిల్లలకు ఆరేళ్ల లోపు లేదు, ఆరు నుంచి పన్నెండేళ్ల వరకు సగం.

అంటే మా నలుగురికీ కలిపి రాత్రికి 4,200 రూపాయలు. తమ్ముడొక్కడికే దానికి దాదాపు రెట్టింపు. అమ్మ ఈ లెక్క విని, "ఒకే కడుపున పుట్టారు, దీనికో రేటు, వాడికో రేటా?" అని నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. హోటల్ గది, భోజనం, కారు, గైడ్ ఇవన్నీ వేరే. గది అద్దె కంటే రుసుమే ఎక్కువైన ఊళ్లు కూడా తగిలాయి. దీంతో ప్లాన్ అంతా రాత్రుల లెక్క మీద నడిచింది. బుమ్‌తాంగ్ దాకా వెళ్దామనుకున్నది తీసేసి థింపూ, పునాఖా, పారోలతో సరిపెట్టాం.

హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రాకి విమానం, అక్కడి నుంచి టాక్సీ. ఉత్తర బెంగాల్‌లోని డూవర్స్ తేయాకు తోటల మధ్య నాలుగు గంటలు పైనే పట్టింది. రాత్రికి సరిహద్దు ఊరు జైగావ్‌లోనే పడుకున్నాం. ఇది మా ఆయన ఆలోచన. ఆ రాత్రి భూటాన్‌లో పడుకుంటే ఊరు చూడకుండానే మీటర్ తిరుగుతుందని ఆయన లెక్క. జైగావ్ గురించి గొప్పగా చెప్పడానికేం లేదు. ఇరుకు రోడ్డు, హారన్లు, మోమోల బళ్లు. సరిహద్దు గోడకి అవతల భూటాన్ ఊరు ఫుంట్‌షోలింగ్.

పొద్దున్నే మా గైడ్ ఇవతలికి వచ్చి కలిశాడు. మాకు పని సులువు. భారతీయులకు ఇండియా వైపు ఎగ్జిట్ ముద్ర ఏమీ ఉండదు. తమ్ముడికి అలా కాదు. వాడు విదేశీ పాస్‌పోర్ట్ మీద ఇండియా దాటుతున్నాడు కాబట్టి ముందు జైగావ్‌లో ఉన్న భారత ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లి, బయటికి వెళ్తున్నట్టు ముద్ర వేయించుకోవాలి. ఆ ఆఫీసు గేటు పక్కనే ఉండదు. సరిహద్దు తెరిచినట్టే కనిపిస్తుంది, జనం అటూ ఇటూ నడుస్తూనే ఉంటారు, మనమూ వాళ్లతో నడిచేస్తాం. తీరా అవతలి కౌంటర్‌లో "ఇండియా ముద్ర ఏది?" అని వెనక్కి పంపిస్తారు. ఇలా తిరిగొచ్చేవాళ్లను తరచూ చూస్తుంటానని గైడ్ చెప్పి, తమ్ముణ్ని నేరుగా అక్కడికే తీసుకెళ్లాడు. ముద్ర పడేదాకా మేం రోడ్డు పక్కన టీ తాగుతూ కూర్చున్నాం.

నడిచి వెళ్లేవాళ్లకు వేరే టెర్మినల్ ఉంది. సామాను స్కాన్, కాగితాలు, ఫొటో. క్యూలో మా ముందు కోల్‌కతా వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. తాతగారి దగ్గర ఆధార్ తప్ప ఇంకేమీ లేదు. కొడుకు ఫోన్‌లో ఓటరు కార్డు ఫొటో చూపించాడు. అసలు కార్డే కావాలన్నారు. అధికారి గొంతు పెంచలేదు, విసుక్కోలేదు, కానీ ఒప్పుకోనూ లేదు. వాళ్లలో ఇద్దరు ఆయనతో పాటు వెనక్కి వెళ్లిపోయారు. అమ్మ అది చూసినప్పటి నుంచి తన కార్డు చేత్తోనే పట్టుకుని నిలబడింది. వంతు వచ్చాక కార్డు ఇచ్చి, అవసరం లేకపోయినా "గుంటూరు" అని గట్టిగా చెప్పింది. అధికారి నవ్వి పర్మిట్ ఇచ్చాడు. మా వాడి జనన పత్రం అటూ ఇటూ తిప్పి చూసి, అందులో ఉన్న నా పేరు, నా పాస్‌పోర్ట్‌లో పేరు సరిపోల్చుకుని వదిలేశారు. తమ్ముడికి పాస్‌పోర్ట్‌లో నిండుగా ఒక ముద్ర పడింది. అంత డబ్బు కట్టినందుకు అదైనా ఉందని వాడు ఫొటో తీసుకున్నాడు.

బాగ్‌డోగ్రా టాక్సీని జైగావ్‌లోనే వదిలేశాం. ఇండియా బండి లోపలికి తీసుకెళ్లాలంటే రోజుకు 4,500 కట్టాలి, దానికంటే అక్కడి బండే నయం. గడియారం అరగంట ముందుకు తిప్పుకున్నాం. డబ్బు మార్చే పని లేదు, వాళ్ల ఙుల్‌ట్రమ్ మన రూపాయితో సమానం. చిన్న నోట్లు తీసుకెళ్తే ఇంకా హాయి. కొన్ని షాపుల్లో మన యూపీఐ కూడా పనిచేసింది, కొన్నింట్లో లేదు.

దారి పొడుగునా పొగమంచు. గేదూ దగ్గర ముందున్న లారీ కూడా కనిపించలేదు. డ్రైవర్ మాత్రం హారన్ కొట్టకుండా, తొందరపడకుండా నడిపాడు. సాయంత్రానికి థింపూ.

థింపూ గురించి చాలామంది రాశారు, ట్రాఫిక్ సిగ్నల్ లేని రాజధాని అనే విషయంతో సహా. మళ్లీ చెప్పను. కాగితాలు మళ్లీ బయటికి తీయాల్సి వచ్చింది పునాఖా వెళ్తున్నప్పుడు. హోంగ్‌త్సో అనే చోట చెక్‌పోస్ట్ ఉంది. గైడ్ మా పర్మిట్లన్నీ పట్టుకుని దిగి వెళ్లి, రాయించుకుని వచ్చాడు. గైడ్ లేకుండా పర్యాటకులను అటు పంపరని అప్పుడు తెలిసింది, ఆ ఖర్చు దండగ అనుకున్నవాళ్లం నోరు మూసుకున్నాం. అక్కడి నుంచి కొంచెం ఎక్కితే దోచులా కనుమ, వరసలు వరసలుగా 108 స్తూపాలు. 2003లో అస్సాం తీవ్రవాదుల స్థావరాలను ఖాళీ చేయించిన పోరులో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టినవి. ఫొటోలు తీసుకునే హడావుడిలో ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు.

పునాఖా జోంగ్ ముందు రెండు నదులు కలుస్తాయి, ఫో ఛూ, మో ఛూ. తండ్రి నది, తల్లి నది అని గైడ్ చెప్పగానే అమ్మ దణ్ణం పెట్టుకుంది. 1637లో కట్టడం మొదలుపెట్టిన ఆ కోటలో ఒక పక్క ప్రభుత్వ ఆఫీసులు, ఇంకో పక్క ఆశ్రమం. టోపీలు, నిక్కర్లతో లోపలికి రానివ్వరు, కాళ్లు కప్పే ప్యాంటు, నిండు చేతుల చొక్కా ఉండాలి. చీర కట్టుకున్న అమ్మకి ఏ అడ్డూ లేదు, డల్లాస్ నిక్కర్ మాత్రం కారు దగ్గరే ఆగి ప్యాంటు మార్చుకోవాల్సి వచ్చింది.

తిరిగొచ్చే దారిలో మా ఆయన మళ్లీ రుసుము సంగతి ఎత్తాడు. గది కాకుండానే రాత్రికి నాలుగు వేలంటే మధ్యతరగతి వాళ్లని రావొద్దన్నట్టే కదా అని గైడ్‌తోనే వాదన. ఆ కుర్రాడు ఇలాంటివి చాలా విన్నట్టున్నాడు. ఇక్కడ చదువు, వైద్యం ఉచితమని, దేశంలో 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నామని, దానికి డబ్బు కావాలని చెప్పాడు. అమ్మ వైద్యం అనే మాట దగ్గర ఆగింది. "ఆపరేషన్ కూడా ఊరికేనా?" అని రెండుసార్లు అడిగించి, "అయితే కట్టొచ్చులే" అంది. మా ఆయన ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు.

నాకు మాత్రం ఇందులో మోసం కనపడలేదు. ఎంత కట్టాలో ముందే చెప్పారు, కట్టాక రానిచ్చారు. మా స్నేహితురాలు యూరప్ వెళ్దామని షెంజెన్ వీసాకి 90 యూరోలు కట్టి, వేలిముద్రలిచ్చి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు లెటర్, రానుపోను టికెట్లు అన్నీ చూపించి, చివరికి తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదు అనే ఒక్క ముక్కతో పాస్‌పోర్ట్ వెనక్కి తెచ్చుకుంది. ఆ డబ్బు తిరిగి రాదు. దాని పక్కన పెట్టి చూస్తే రాత్రికి ఇంత అని బోర్డు పెట్టినవాళ్లే నయమనిపిస్తుంది. అయితే తమ్ముడి లెక్క వచ్చేసరికి నేనూ ఏం చెప్పలేకపోయాను.

పారోలో తాక్‌త్సాంగ్ ఆశ్రమం ఉన్న కొండకి అమ్మ సగం దూరం గుర్రం మీద వచ్చి, టీ హోటల్ దగ్గర ఆగిపోయింది. మేం పైదాకా వెళ్లి వచ్చేసరికి అక్కడి అమ్మాయితో స్నేహం చేసుకుని, వెన్నా ఉప్పూ వేసిన టీ వద్దని, పంచదార టీ పెట్టించుకుని తాగుతోంది.

తిరుగు ప్రయాణంలో ఫుంట్‌షోలింగ్‌లో మా పర్మిట్లు చూసి పంపేశారు. తమ్ముడికి ఇక్కడ ఒక ముద్ర, గోడ దాటాక జైగావ్‌లో మళ్లీ ఇండియాలోకి వచ్చినట్టు ఇంకో ముద్ర. ఓసీఐ కార్డు మళ్లీ తీసి చూపించాడు. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్న చుట్టాలతో వెళ్లేవాళ్లు ఆ రోజు బాగ్‌డోగ్రా విమానం పెట్టుకోకపోవడం మంచిది. మేం మర్నాటికి పెట్టుకున్నాం కాబట్టి తొందర పడలేదు. తమ్ముడు ఆఫీసులో ఉండగా మా వాడు జేబులో మిగిలిన ఙుల్‌ట్రమ్ నోట్లన్నీ తీసి జైగావ్ బండి దగ్గర మోమోలకి ఇచ్చేశాడు. బండివాడు మారు మాట్లాడకుండా తీసుకుని, చిల్లర మన రూపాయల్లో ఇచ్చాడు.